కుండకు ముందు గాడిద

"మొదటి మిరప కల్లం కాలింది. దానికి ముందురోజు అక్కడ బిచ్యా ఉన్నడు. రెండో కల్లం కాలింది. దానికి ముందురోజు గూడ బిచ్యానే ఉన్నడు. మూడోది నిన్న కాలింది. ఈసారి ముందురోజు గాదు, మంట లేచిన యాళ్లకే కల్లంల ఉన్నడు. ఇంకేం గావాలె మేడం?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అనిల్‌కుమార్ ఆ ప్రశ్నను జవాబు కోసం అడగలేదు. లేచి వెళ్లమనటానికి అడిగాడు.

రాజ్యశ్రీ లేవలేదు. ఖమ్మంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని పరిశోధనలు చేసే ప్రైవేటు డిటెక్టివు ఆమె. అంతకుముందు ఒక సంస్కృత కళాశాలలో తర్కశాస్త్రం చెప్పేది. విద్యార్థులు రాక కళాశాల ఆ తరగతిని మూసివేసింది. ఆ శాస్త్రం మాత్రం ఆమెలో తెరుచుకునే ఉండిపోయింది.

"ఒక్క మాట, సి.ఐ. గారూ. కుండకు ముందు ఏముంటుంది?"

"ఏంది?"

"కుమ్మరి కుండ చేస్తాడు. దానికి ముందు అక్కడ ఏమేమి ఉంటాయి?"

"మట్టి ఉంటది. సారె ఉంటది. కుమ్మరి ఉంటడు."

"మట్టిని మోసుకొచ్చిన గాడిద?"

"అది గూడ ఉంటది."

"ప్రతి కుండకు ముందూ ఉంటుంది. మరి కుండను చేసింది గాడిదేనా?"

గోడవారన ముక్కాలిపీట మీద కూర్చున్న బిచ్యా నెమ్మదిగా తలెత్తాడు. యాభై దాటిన మనిషి. రేగులతండా ఆయన ఊరు. అరికాళ్లు మిరప మంటకు ఏళ్ల తరబడి కాగి, పండిన ఇటుక రంగులో ఉన్నాయి.

"నన్ను గాడిద అంటున్నవా అమ్మా?"

"అన్నాను. మీ మేలు కోరే అన్నాను."

"అనుండ్రి. గాడిదే నయం. దాన్ని ఠాణాల కూసుండవెట్టరు."

తలుపు దగ్గర నిలబడిన సరళ చున్నీ అంచుతో నోరు మూసుకుంది. బిచ్యా కూతురు ఆమె. కొత్తగూడెంలో ఒక బ్యాంకులో క్యాషియరు. ఈ ఉదయం రాజ్యశ్రీని వెతుక్కుంటూ ఖమ్మం వచ్చింది. రేపు పొద్దున తండ్రిని కోర్టుకు తీసుకుపోతారు. నిన్న కాలిన కల్లంలో కాపలా పడుకున్న బలరాం, బిచ్యా అన్న కొడుకు, ఒళ్లు కాలి స్పృహ లేకుండా దవాఖానాలో ఉన్నాడు. బలరాం కన్ను తెరవకపోతే తండ్రి మీద పడేది హత్యానేరం. తెరిచినా, కల్లాలు కాల్చినవాడన్న పేరు పోదు. తండాలో ఎవరికీ మళ్లీ పని దొరకదు.

"దీన్ని అన్యథాసిద్ధం అంటారు," అంది రాజ్యశ్రీ. "పని జరగడానికి ముందు తప్పకుండా కనిపిస్తుంది. అయినా పనిని పుట్టించదు. దాని రాకకు వేరే కారణం ఉంటుంది. మట్టిని బండి మీద తెచ్చినా కుండ అవుతుంది. సారె తిప్పే కర్ర ఎర్రగా ఉన్నా నల్లగా ఉన్నా కుండ అవుతుంది. కుమ్మరికి తండ్రి లేనిదే కుమ్మరి లేడు. అయినా కుండ చేసింది తండ్రి కాదు. ముందుండటం ఒకటి. పుట్టించటం వేరొకటి. మీరు మొదటిది చూపించారు. రెండోది చూపించలేదు."

"మీ కాలేజీ ఎందుకు మూసిన్రో ఇప్పుడు సమజైంది."

రాజ్యశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆమె బిచ్యా వైపే తిరిగింది.

"కల్లానికి మీరు ఎందుకు వెళ్తారు?"

"తొక్కనీకి అమ్మా. బస్తాలు తొక్కుత. కాయ మంచిగ ఎండినంక నాకు కబురొస్తది. కాళ్లకు గోనె చుట్టుకోని, నూనె రాసుకోని, బస్తాల దిగి తొక్కుత. తొక్కితెనే బస్తాకు బరువొస్తది. ముందురోజు పోయి బస్తాలు గిట్ల సూసుకుంట. తెల్లారకముందు మంచు పడి కాయ మెత్తగైతది గద, అప్పుడు మొదలువెడ్త. ఎండెక్కితె కాయ ఇరుగుతది."

"అంటే, కాయ ఎండింది కాబట్టి మీరు వచ్చారు."

"అవ్."

"ఎండిన కాయే కాలుతుంది," అంది ఆమె అనిల్‌కుమార్‌తో. "ఈయన రాకకూ మంటకూ చుట్టరికం అంతే కావచ్చు."

"కావచ్చు. కాకపోవచ్చు. మరి కట్టె సంగతి అడుగుండ్రి." అనిల్‌కుమార్ కుర్చీని ముందుకు జరుపుకున్నాడు. "బలరాం భుజం మీద, పక్కబొక్కల మీద కట్టె దెబ్బలున్నయ్. కాలిన గాయాలు వేరు, ఇవి వేరు. ఎందుకు కొట్టినవ్‌రా పోరన్ని?"

"కొట్టలే సార్. గుంజిన."

"కట్టెతోని?"

"అవ్. కర్రతోని గుంజిన."

"కాలిపోతున్న మనిషిని చేతులతోని గుంజుతరు. కట్టెతోని ఎవడు గుంజుతడు?"

బిచ్యా కూతురు వైపు చూశాడు. తరువాత నేల వైపు చూశాడు. తరువాత ఎవరి వైపూ చూడలేదు.

రాజ్యశ్రీ అడిగింది. మళ్లీ అడిగింది. సరళ కూడా అడిగింది: "బాపూ, చెప్పు. ఎందుకు చెప్తలేవ్?" ఆయన నోరు మెదపలేదు. అంతదాకా చమత్కారంగా మాట్లాడిన మనిషి ఒక్క కర్ర దగ్గర రాయైపోయాడు. ఆమె లోపల చక్కగా నడుస్తున్న వరుస అక్కడ తెగింది. దెబ్బలు నిజం. కర్ర నిజం. మౌనం నిజం. ఇన్ని నిజాలు ఒకచోట చేరి ఒక అబద్ధాన్ని చెబుతున్నాయా?

"ఇంకోటి వినుండ్రి," అన్నాడు అనిల్‌కుమార్. "నిన్న కాలిన వెంకటరామారావు గారి కల్లం పక్కనే ఇప్ప చెట్టుంది. దాని కింద నిప్పువెట్టిన్రు. ఆ నిప్పే కల్లానికి అంటుకుంది. ఆ చెట్టు కింద పువ్వు ఏరేది వీని పెండ్లం చాంది. ఆకు కాలవెట్టే అలవాటు వాళ్లదే."

"మా ఆమె కాలవెట్టేది పువ్వు మొదలుగాకముందు సార్," అన్నాడు బిచ్యా. గొంతు మళ్లీ వచ్చింది. "కింద ఆకుంటె పువ్వు కనవడది. అందుకే శివరాత్రి గడిచినంక జల్ది కాలవెట్టి, ఊడ్చి పెడ్తది. మళ్ల ఎందుకు కాలవెడ్తది?"

"అది కోర్టుల చెప్పు." అనిల్‌కుమార్ లేచాడు. "మేడం, మీ తర్కానికి నేను గూడ ఒక పరీక్ష వెడుతున్న. గాడిద లేకున్నా కుండ అయితదంటిరి గద. వాగు అవతల ఉదయ్ భాస్కర్ గారి కల్లంల కాయ ఎండింది. రేపు తెల్లారి తొక్కుడు. బిచ్యా ఇక్కడ లాకప్పుల ఉంటడు. ఇయ్యాల సందె నుంచి మావోళ్లు ముగ్గురు మఫ్టీల ఆ కల్లం చుట్టు పొదలల్ల పండుకుంటరు. ఫోన్లు బందు. ఓనర్‌కు గూడ చెప్పలే. కల్లం కాలకపోతె, కుండ చేసింది మీ గాడిదేనని ఒప్పుకుంటరా?"

అది తెలివైన పరీక్ష. రాజ్యశ్రీ మనసులోనే ఆ సంగతి ఒప్పుకుంది. ఉన్నప్పుడు అయింది, లేనప్పుడు అవుతుందా? ఒక్క రాత్రి మంట లేవనంతమాత్రాన ఏదీ రుజువు కాదని చెప్పవచ్చు. చెప్పినా ఈ గదిలో వినేవాళ్లు లేరు.

"కల్లం చూసి వస్తాను," అని మాత్రం అంది.

*

సరళ స్కూటీ ఆపేసరికి పొద్దు వాలుతోంది. కల్లం అంచునే అడవి మొదలవుతుంది. నేలంతా నల్లగా, కాలిన మిరప పొట్టుతో మందంగా ఉంది. రాజ్యశ్రీ రెండడుగులు వేసి దగ్గింది. మూడో అడుగులో కళ్లు నీళ్లు కారాయి. నాలుగో అడుగులో ఇద్దరూ వంగి వంగి తుమ్మారు.

"ముక్కుతో పీల్చకండి మేడం. నోటితో పీల్చండి."

"అప్పుడు నాలుక మండుతోంది."

"అయితే పీల్చకండి."

కన్నీళ్లతోనే ఆమె కల్లమంతా తిరిగింది. కాలిన టార్పాలిన్ అంచుల వెంట బరువుకోసం పెట్టిన రాళ్లు పెట్టినట్టే ఉన్నాయి. ఒక మూల మడిచి పేర్చిన గోనె సంచులు బూడిదై, మడతలు మడతలుగా నిలబడే ఉన్నాయి. ముట్టుకుంటే కూలాయి. బూడిద అడుగున నేల అక్కడే అన్నిచోట్లకన్నా ఎక్కువ మాడింది. మంట మొదలైంది ఇక్కడ. కుప్పలో కాదు, సంచుల్లో. ఇప్ప చెట్టు మాత్రం ఆ మూలకు పూర్తిగా ఎదుటి దిక్కున ఉంది.

ఆమె చెట్టు దగ్గరకు నడిచింది. కింద గుండ్రంగా బూడిద. బూడిద మీద ఈ తెల్లవారి రాలిన పూలు, లేత పసుపు రంగులో, తడి ఆరని ముత్యాల్లా. చాంది వాటిని ఏరుకోవటానికి రాలేదు. భర్త ఠాణాలో ఉన్న ఇల్లాలికి పూల మీద ధ్యాస ఎక్కడిది? రాజ్యశ్రీ ఒక పుల్లతో పైపూలను పక్కకు నెట్టింది. బూడిదను కదిపింది.

బూడిద లోపల కూడా పూలే. నల్లగా మాడి, ముడుచుకుని, ఒకదానికొకటి అంటుకుని, బెల్లం పాకం మాడిన వాసన వేస్తూ. ఒకటీ అరా కాదు, పరుపులా.

ఆమె అక్కడే కూలబడింది.

"సరళా, పువ్వు ఎప్పుడు రాలుతుంది?"

"నాకు సరిగ్గా తెలియదు మేడం. చిన్నప్పుడే హాస్టల్‌కు పోయిన. మా యాడి, అంటే అమ్మ, చీకటి ఉండగానే గంప పట్టుకుని పోయేది. తెల్లారేదాకా రాలుతూనే ఉంటుంది అనేది. పొద్దెక్కినాక వచ్చేది."

"కల్లంలో మంట లేచింది చీకటి ఉండగా. ఊరంతా చూసింది. మొన్నటి పూలు మీ అమ్మ ఏరేసి ఉంటుంది; నిన్నటి ఈ పూలు ఇంత మందంగా రాలాలంటే తెల్లవారాలి. పూలు రాలాకే కదా ఈ నిప్పు వాటిని కాల్చింది?"

"అవును."

"అయితే చెట్టు కింది మంట కల్లం మంటకు ముందుది కాదు, తరువాతది. ముందు లేనిది కారణం ఎట్లా అవుతుంది?"

ఈ మాట పూర్తికాకముందే మరో ఆలోచన వచ్చింది. మొదటిదానికన్నా చిన్నది, మొదటిదానికన్నా పదునైనది. పువ్వు కోసం ఆకును కాలుస్తారు. పువ్వునే కాల్చేది ఎవరు? ఈ చెట్టు కింద ఒక్కసారైనా గంప పెట్టి వంగిన మనిషి ఆ పని చెయ్యడు. చెట్టును చూసినవాడు, అలవాటును దూరం నుంచి చూసినవాడు, పువ్వును ఎన్నడూ ఏరనివాడు చేస్తాడు.

"మేడం, ఇటు రాండి."

సరళ కల్లం అంచున నిలబడి ఉంది. అక్కడ నేలలో ఒక గుంత, బొటనవేలు దూరేంత. కొంచెం దూరంలో మరొకటి, కాలితో తొక్కి పూడ్చినది. మరి కొంచెం దూరంలో మరొకటి. కల్లం చుట్టూ గుంతలే. ఏవో గుంజలు పాతి, మళ్లీ పీకేశారు. టార్పాలిన్‌కు గుంజలు కడతారా? లేదు, దానికి రాళ్లున్నాయి. డేరా వేశారా? కల్లానికి డేరా ఎందుకు?

కాలిన సంచుల మూల దగ్గరి గుంతలో రాజ్యశ్రీ వేలికి ఏదో మెత్తగా తగిలింది. లాగింది. సైకిల్ ట్యూబు ముక్క. వేలెడంత. ఒక పక్క కరిగి ఉంది.

రబ్బరు. గుంజ. కర్ర. ఈ మూడూ ఆమె బుర్రలో ఒకచోట చేరటానికి ఇష్టపడక చాలాసేపు తిరిగాయి. గుంజకు రబ్బరు ఎందుకు చుడతారు? మనిషిని కర్రతో ఎందుకు లాగుతారు? గోనె సంచుల మూలకు నిప్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కొక్క ప్రశ్నా ఒక్కొక్క దిక్కుకు పోతోంది. మంటలో ఉన్న మనిషిని చేతులతో లాగుతారు. చేతులతో లాగకూడని మనిషి ఎక్కడ ఉంటాడు?

"కరెంటు," అంది రాజ్యశ్రీ, తనకు తాను వినబడనంత మెల్లగా.

సరళ కదలకుండా నిలబడింది. ఆశ్చర్యపోవాల్సిన ముఖం ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది మేడం. ఈ ట్యూబు ముక్క చూసినాక." ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. "బాపు ఎందుకు చెప్తలేడో కూడా తెలిసింది. మాకు అడవి పక్క మక్కజొన్న చేను ఉంది. పందులు ఉండనియ్యవు. దాని చుట్టూ కూడా ఇట్లనే కరెంటు తీగ ఉంటుంది. గుంజలకు కరెంటు దిగకుండా ఇట్లనే ట్యూబు ముక్కలు. మాకే కాదు, తండా అందరికీ. ఒక్క తీగ గురించి నోరు విప్పితే అన్నీ బయటపడతాయి. ఫారెస్టువాళ్లు కేసులు పెడతారు. అందుకే నోరు కట్టుకుని కూర్చున్నడు."

రాజ్యశ్రీ ట్యూబు ముక్కను బ్యాగులో వేసుకుంది.

"నేను చెబితే మీ చేను కూడా బయటికి వస్తుంది, సరళా."

సరళ కళ్లు తుడుచుకుంది. అవి మిరప నీళ్లో, వేరే నీళ్లో పోల్చటం కష్టం. "చెప్పండి మేడం. మాది కూడా చెప్పండి. చేను పోతే పోయె."

*

"నా సీన్‌ల ఎవరినడిగి చెయ్యివెట్టిన్రు?"

రాజ్యశ్రీ ఫోను మీద వచ్చిన అనిల్‌కుమార్ జీపు దిగుతూనే అడిగాడు. అడిగి తుమ్మాడు. తుమ్మి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ కోపాన్నే మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. "సాక్ష్యం చెరిపేస్తే మీ మీద గూడ కేసు పెడ్త."

రాజ్యశ్రీ పుల్లతో బూడిదను విప్పి చూపింది. పైన ఈనాటి పూలు. అడుగున నిన్నటి పూలు, కాలినవి. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయితే? కల్లం కాల్చి, తెల్లారినంక ఈడ గూడ పెట్టి ఉంటడు."

"తెల్లవారాక బిచ్యా ఎక్కడున్నాడు?"

ఆ జవాబు అనిల్‌కుమార్ స్వయంగా రాసుకున్నదే. చీకటిలోనే వచ్చిన అంబులెన్సులో బలరాం పక్కన కూర్చుని పోయిన మనిషి బిచ్యా. నిన్న సాయంత్రం దవాఖానా మెట్ల మీద పట్టుకునేదాకా అక్కడే ఉన్నాడు.

"మరి ఇది ఎవరు వెట్టిన్రు?"

"కల్లం మంటకు ఒక కారణం చూపించవలసిన అవసరం ఎవరికి ఉందో, వాళ్లు."

"మీరు చెప్పేది నాకు సగమే సమజైతున్నది."

"నాకూ ఇంతసేపు సగమే తెలిసింది. మిగతా సగం ఆ ఇంట్లో ఉంది."

కల్లానికి ఎదురుగా, దారికి అవతల, వెంకటరామారావు ఇల్లు. ముప్పై ఏళ్ల కిందట కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కల్లూరులో కొన్నాళ్లు ఉండి, ఇక్కడ భూమి కొని స్థిరపడిన కుటుంబం. అరుగు మీద ఆయన పడక కుర్చీలో ఉన్నాడు. భార్య సుబ్బరత్నం మంచినీళ్ల గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. అందరి కంటే ముందు సరళకు ఇచ్చింది. ఇచ్చి, ఆ పిల్ల ముఖం చూడలేక పక్కకు తిరిగింది.

ఆ తిరగటాన్ని రాజ్యశ్రీ గమనించింది.

"వెంకటరామారావు గారూ, ఇప్పపువ్వు ఎప్పుడైనా ఏరారా?"

"మేమెందుకు ఏరతామండీ? అది తండావాళ్ల పని."

"అవును. ఏరి ఉంటే పువ్వు మీద నిప్పు పెట్టేవారు కాదు."

ఆయన చేతిలోని గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగింది. "ఏం మాటలండీ ఇవి? సి.ఐ. గారూ, ఎవరీవిడ? ఎండుకాయంతా తగలబడిపోయి నేనేడుస్తుంటే..."

"కల్లం చుట్టూ గుంజలు ఎందుకు పాతారు?"

"పాతలేదు."

ఆమె ట్యూబు ముక్కను అరుగు మీద పెట్టింది. అది చాలా చిన్నది. అరుగు మీద అంతకన్నా పెద్ద వస్తువు లేదన్నట్టు అందరూ దాన్నే చూశారు.

"సరే, పాతాం," అన్నాడాయన చివరకు. "పందుల కోసమండీ. అడవి పక్కన పందులు ఎంత పాడుచేస్తాయో మీకేం తెలుసు? అందరూ పెడతారు, మేమూ పెట్టాం. తప్పేముందీ?"

"పందులు మిరపకాయలు తింటాయా?"

వెంకటరామారావు గ్లాసు కింద పెట్టాడు.

"మక్కజొన్న తింటాయి. వేరుశనగ తింటాయి. కాలితే కిలోమీటరు దూరానికి తుమ్ములు తెప్పించే కాయను ఏ పంది తింటుంది? ఆ తీగ పందులకు కాదు. మనుషులకు."

వెంకటరామారావు ఒక్కసారిగా పదేళ్లు ముసలివాడైనట్టు కనిపించాడు. "పోయినేడు సగం కాయ ఎత్తుకుపోయారమ్మా. ఎండి, తొక్కుడుకు సిద్ధమైన కాయ. రాత్రికి రాత్రి. ఎవరికి చెప్పుకోను? అందుకని కాయ ఎండగానే తీగ కట్టాను. నేనొక్కడినే కాదు, మొదట కాలిన కల్లాలవాళ్లూ కట్టారు. బలరాంకి చెప్పాను, తీగ జోలికి పోవద్దని."

"ఒక గుంజ ఒరిగింది. తీగ సంచుల మీద పడింది. రవ్వలు లేచాయి. బలరాం దాన్ని తియ్యబోయి అంటుకుపోయాడు. మంచు పదునులో తొక్కటానికి చీకటితో వచ్చిన బిచ్యా కర్ర పెట్టి అతణ్ణి లాగాడు. అవే మీ కట్టె దెబ్బలు, సి.ఐ. గారూ. అతను బతికి ఉండటానికి కారణం అవే." ఆమె ఊపిరి తీసుకుంది. "కాయ ఎండింది కాబట్టి బిచ్యా వచ్చాడు. కాయ ఎండింది కాబట్టే తీగ వచ్చింది. రెండూ మంటకు ముందే ఉన్నాయి. ఒకటి గాడిద. ఒకటి కుమ్మరి."

"చెట్టు కింద నిప్పు పెట్టింది..." అనిల్‌కుమార్ సగంలో ఆగాడు.

"నేనే," అన్నాడు వెంకటరామారావు. "తీగ పీకాక. అడవి మంట అంటుకుందంటే సరిపోతుందనుకున్నాను. బిచ్యా మీదకు పోతుందనుకోలేదు."

"పోయినాక అయినా చెప్పలేదు," అంది సరళ. అరవలేదు. "మా బాపు మీ కల్లంలో ఎన్నేళ్లు తొక్కిండు సార్?"

వెంకటరామారావు దారి వైపు తిరిగాడు. దారి మీద సందె చీకటి పడుతోంది. రాజ్యశ్రీ ఆ చీకటిని చూసింది. కుమ్మరి దొరికాడు, అయినా లెక్క ముగియలేదు. కాయ ఎండగానే తీగ. ఎండిన కాయ ఇంకా ఎక్కడో ఉంది.

"ఉదయ్ భాస్కర్ గారి కల్లానికి తీగ ఉందా?"

సుబ్బరత్నం పళ్లెం పట్టుకుని భర్త వైపు చూసింది. ఉదయ్ భాస్కర్ ఆమె సొంత తమ్ముడు.

"చెప్పండమ్మా. అక్కడ పొదల్లో ముగ్గురు మనుషులున్నారు. మీ తమ్ముడికి ఆ సంగతి తెలియదు."

"ఉంది," అంది సుబ్బరత్నం. పళ్లెం అరుగు మీద వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది. "దీపాల వేళకి కరెంటు వేస్తాడు. ఎత్తరా తమ్ముడూ. ఎత్తు."

అనిల్‌కుమార్ అప్పటికే తన ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఒక నంబరు. స్విచాఫ్. ఇంకో నంబరు. స్విచాఫ్. మూడోది నొక్కుతూ ఆయన వేళ్లు ఆగాయి. ఫోన్లు బందు చెయ్యమన్నది ఆయనే. పొదల్లో కదలకుండా పడుకోమన్నదీ ఆయనే.

"వైర్‌లెస్?" అంది రాజ్యశ్రీ.

"చప్పుడైతదని ఇయ్యలే." అని, డ్రైవరును కేకేస్తూ జీపు వైపు ఉరికాడు. అప్పటిదాకా ఆమె ఆయన ముఖంలో చూసిన ధీమా ఆ అరుగు మీదే ఎక్కడో పడిపోయింది.

"రింగవుతోంది," అంది సుబ్బరత్నం. "మోటారు దగ్గర ఉంటాడు, వినబడదు. ఏవండీ, ఏం చెయ్యను?"

వెంకటరామారావు వాగు అవతలికి చూస్తున్నాడు. దూరంగా అడవి గీత నల్లగా ఉంది. "కల్లం మీద దీపం ఉంటుందమ్మా," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "దీపానికీ తీగకీ ఒకటే లైను. నేనే కట్టించాను. దీపం వెలిగిందంటే తీగలో కరెంటున్నట్టే. తీగకు ఏదైనా తగిలితే దీపం మసకబారుతుంది."

నల్లని గీత దగ్గర ఒక చుక్క తెల్లగా వెలిగింది.

జీపు వాగు దారిలోకి మలుపు తిరుగుతోంది. సరళ రాజ్యశ్రీ చెయ్యి పట్టుకుంది. సుబ్బరత్నం చెవి దగ్గర ఫోను ఇంకా మోగుతూనే ఉంది. అందరి చూపూ ఆ ఒక్క చుక్క మీద ఉంది. అది నిలకడగా వెలుగుతున్నంతసేపూ అందరూ క్షేమమే.

దీపం ఒక్కసారి మసకబారింది. మళ్లీ వెలిగింది. మళ్లీ మసకబారింది, ఈసారి చాలాసేపు.

తరువాత దాని పక్కనే, నేల మీద, ఎర్రగా మరో వెలుగు లేచింది.

బిచ్యా అప్పుడు లాకప్పులో ఉన్నాడు.